పొగ మానిన పెద్దావిడ

మా మరిది తన మొహం కంటే లారీ మొహమే ఎక్కువసార్లు తుడుస్తాడు. తనకున్నది ఒకటే తువ్వాలు, అదీ అంచు చిరిగింది. లారీకి మాత్రం మూడు గుడ్డలున్నాయి. అద్దానికొకటి, స్టీరింగుకొకటి, ముందు లైట్లకు మెత్తటిదొకటి. ఆ మెత్తటిది ఒకప్పుడు నా నూలు చీర. ఇంకా రెండేళ్లు హాయిగా కట్టుకోదగ్గ చీర. "ఎందుకు చించావయ్యా?" అని నిలదీస్తే, "నీకింకా ఐదున్నాయి కదా వదినా, దానికి ఒక్కటీ లేదు" అన్నాడు. పైగా నేనే పిసినారినన్నట్టు చూశాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి పదేళ్లు. తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టి బడికి పంపింది నేనే. వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ రాయి మీద కూర్చుని, పోయే లారీలకెన్ని చక్రాలున్నాయో చూసుకుని, బడి వదిలే వేళకు ఇంటికొచ్చేవాడు. మూడేళ్లు అలా చక్రాల చదువు చదివి, తర్వాత ఏకంగా లారీ ఎక్కేశాడు. ముందు క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. ఇరవయ్యారేళ్లు ఒకే యజమాని దగ్గర ఒకటే లారీ నడిపాడు. ఆ యజమాని కొత్త బండ్లు తెచ్చుకుని పాతదాన్ని తుక్కుకి పంపుతానంటే, "దాంతోపాటు నన్నూ తూకానికి వేయించండి" అని ఆయన గుమ్మంలో బైఠాయించాడు. ఆ మనిషికి జాలేసిందో, విసుగేసిందో తెలియదు. లారీ మాత్రం మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్లుగా ఇంటి పక్క ఖాళీ జాగాలో కాపురం ఉంటోంది.

వీధిలో అందరూ దాన్ని పెద్దావిడ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే.

"అయితే నేను చిన్నావిడనా అక్కా?" అని మా తోడికోడలు మూతి తిప్పింది.

"వరస అదే కదమ్మా. అది అతని చేతికొచ్చి ముప్పై అయిదేళ్లు. నువ్వొచ్చి ముప్పై."

"దానికైతే నెలకోసారి నూనె మారుస్తాడు. నా తలకు నూనె అయిపోయి నాలుగు రోజులైంది, అడిగే దిక్కు లేదు" అంటూ ఆవిడ గిన్నెల మోత పెంచింది. మరిది వినిపించుకోలేదు. అతని చెవులు ఇంజను చప్పుడుకు తప్ప తెరుచుకోవు.

ఇంతకీ పెద్దావిడకు రెండేళ్లుగా పొగ పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది? "వయసైపోయింది, దాని నడుం మీద బరువు పెట్టకూడదు" అని మరిది బరువైన కిరాయిలన్నీ మానేశాడు. స్పాంజి పరుపులు, ఖాళీ అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఇవే దాని మీదకు ఎక్కేవి. పది టన్నులు లాగిన లారీ నాలుగు దిండ్లు వేసుకుని మెల్లగా ఊరేగుతుంటే సైకిళ్ల వాళ్లు కూడా గంట కొట్టి దాటిపోయేవాళ్లు. ఇది చాలదన్నట్టు రోజూ పొద్దున ఓ గంటసేపు, సాయంత్రం ఇంకో అరగంట, ఉన్నచోటే నిలబెట్టి ఇంజను తిప్పేవాడు. "ఒళ్లు వేడెక్కాలి వదినా" అనేవాడు. పెద్దావిడ ఒళ్లు వేడెక్కిందో లేదో గానీ మేడ మీద మా తోడికోడలు ఆరేసిన బట్టలు మాత్రం నల్లబడేవి. ఆరేసినప్పుడు తెలుపు, తీసేటప్పుడు బూడిద. మా ఇంట్లో కొత్త దిండు గలీబుకు ఆయుష్షు ఒక్క పూట.

అసలు తంటా పొగ పరీక్ష దగ్గర వచ్చింది. ఊరవతల ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడ సైలెన్సరులో గొట్టం దూర్చి, ఎక్సిలేటరు పూర్తిగా తొక్కించి, ఎంత పొగ వస్తోందో మిషను మీద అంకె చూస్తారు. చూసేది ఒక కళ్లద్దాల పిల్ల. మొదటిసారి మరిది ఎక్సిలేటరు తొక్కగానే ఆ పిల్ల దగ్గుకుంటూ షెడ్డు బయటికి పరిగెత్తింది. రెండోసారి ముందే బయట నిలబడింది. రెండుసార్లూ పెద్దావిడ తప్పింది. రెండోసారి ఆ పిల్ల ఒక గులాబీ రంగు కాగితం మరిది చేతిలో పెట్టింది.

మా ఇంట్లో కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే వస్తుంది. మరిది మైలురాళ్లూ ఊరి బోర్డులూ చదువుతాడు, అంతకంటే పొడుగైతే నాకిస్తాడు. తోడికోడలు సంతకం దాకా వచ్చి అక్కడ ఆగింది. నేను మూడో తరగతి పూర్తిగా చదివినదాన్ని. కాబట్టి గొంతు సవరించుకుని చదివాను. పదిహేను రోజుల్లో మూడో పరీక్ష. అదీ తప్పితే బండికి రోడ్డెక్కే అనుమతి రద్దు.

రద్దు అంటే తుక్కే. చదివిన నాకూ తెలుసు, విన్న అతనికీ తెలుసు.

మరిది వెళ్లి ముందు చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకెళితే తీసుకున్నాడు గానీ తాగలేదు.

"ఇది పోతే నేనేం చెయ్యాలి వదినా? నాకు నడవడం కూడా సరిగ్గా రాదు."

నవ్వు రావాల్సిన మాటే. ఆ మొహం చూస్తే రాలేదు.

నాలుగు రోజులు అతని మొహం అలాగే వేలాడింది. ఐదో రోజు నేనే మెకానిక్‌ని పిలిపించాను. మంచి పనివాడు, నోరే మంచిది కాదు. మా మరిదిని బాబాయ్ అంటాడు, నన్ను మామ్మగారూ అంటాడు. ఆ లెక్కన నేను మరిదికి అమ్మనవుతానా? ఒకసారి అడిగాను. "వరసలు నాకు తెలియవు మామ్మగారూ, నట్లూ బోల్టులే తెలుసు" అన్నాడు.

వచ్చి సైలెన్సరులో వేలు పెట్టి తిప్పి చూపించాడు. కాటుక డబ్బాలో ముంచినట్టుంది.

"కార్బన్ బాబాయ్. డీజిల్ సరిగ్గా కాలక మసి పేరుకుపోయింది. డీజిల్ చిమ్మే నాజిళ్లకు పట్టింది, వాల్వులకు పట్టింది. పొయ్యి మీద పాత మూకుడు అడుగు ఎలా ఉంటుంది, లోపల అలా ఉంటుంది."

"మా మూకుడు నేను తోముతాను" అన్నాను.

"ఇదీ తోమొచ్చు మామ్మగారూ. ఇంజను పై మూత, అదే హెడ్డు, విప్పితే రెండు రోజుల పని. కానీ విప్పాక మళ్లీ బిగించాలంటే మధ్యలో పెట్టే గ్యాస్కెట్ రేకు కొత్తది కావాలి. ఈ మోడలుకు ఇప్పుడెవడూ చెయ్యట్లేదు. విప్పడం నా చేతిలో ఉంది, మూయడం లేదు."

మరిది రెండు చేతులూ చాచి బానెట్టుకు అడ్డం నిలబడ్డాడు. "దాని మీద స్పానరు పెట్టావంటే ఊరుకోను!"

"పెట్టన్లే. అయితే మందు పోద్దాం. డీజిల్లో కలిపే మందు. ముందు నాజిళ్లు కడుగుతుంది. మిగతా మసిని కొంచెం కొంచెంగా వదిలిస్తుంది. మంత్రం అనుకోకు. చెప్పినట్టు వాడితేనే ఫలితం."

"నేనే ఇంతవరకూ మందు ముట్టలేదు. దీనికి ఈ వయసులో అలవాటు చెయ్యమంటావా?"

"బాబాయ్, సీసా మీద ఎలా రాసుంటే అలా వాడు. నీ మనసుకు తోచినట్టు కాదు." అలా చెప్పి, వారం రోజులు వేరే ఊళ్లో పనుందని వెళ్లిపోయాడు.

మర్నాడు మరిది సీసా తెచ్చాడు. తలనూనె సీసా అంత ఉంది. ముందు వాసన చూశాడు, మొహం చిట్లించాడు, తర్వాత రెండు చేతులతో నాకందించాడు. నేను వాకిట్లోకొచ్చి వెలుతురుకు పెట్టి చదివాను. నిండు ట్యాంకుకు ఒక సీసా. ముందు మందు పోయాలి, తర్వాత డీజిల్ నింపాలి. అక్కడి దాకా అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆ కింద ఒక అంగుళం మేర ఆవాలు చల్లినట్టు ఏదో ఉంది.

"కింద ఇంకేదో ఉన్నట్టుంది?" అన్నాడు మరిది.

"ఏముంటుంది? చేసినవాడి అడ్రసు. నువ్వేమైనా ఉత్తరం రాస్తావా?"

అతను నమ్మాడు. నా చదువు మీద అతనికున్న నమ్మకం అలాంటిది. కళ్లద్దాలు పెట్టించుకోమని మా తోడికోడలు మూడేళ్లుగా చెవిలో జోరీగలా పోరుతోంది. అవి పెట్టుకోవాల్సింది ముసలివాళ్లు అని నేను మూడేళ్లుగా చెబుతున్నాను. ఆవాలంత అక్షరాల కోసం ఆ మాట వెనక్కి తీసుకుంటానా?

మందు పోశాడు, డీజిల్ నింపాడు. ఇక ఆ రోజు నుంచి పెద్దావిడకు పథ్యం మొదలైంది. కిరాయిలన్నీ మానేశాడు. బానెట్టు మీద పాత దుప్పటి కప్పాడు. ఎండ తగలకుండా పరదా కట్టాడు. పొద్దున గంట, సాయంత్రం గంట నిలబెట్టి ఇంజను తిప్పాడు. "మందు ఒంటికి పట్టాలి కదా" అన్నాడు. దుప్పటి జారిపోతే నేనే రెండుసార్లు సర్దాను. ఆ మాట దాచను.

ఏడు రోజులు గడిచాయి. పొగ తగ్గలేదు సరికదా, ఇంకా చిక్కబడింది.

"పెద్దావిడకు మందు బాగానే ఒంటపట్టినట్టుంది, మేడ మీద చూడండి" అని మా తోడికోడలు ఒక తెల్ల దుప్పటి తెచ్చి మా ఇద్దరి మధ్య పరిచింది. దాని మీద సుద్దముక్కతో లెక్కలు చెయ్యొచ్చు.

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చున్నాను. ఖాళీ సీసాను మా తోడికోడలు కిటికీలో పెట్టింది. దాని ముందు నా మంచినీళ్ల గాజు గ్లాసు ఉంది. నీళ్లు తాగుదామని చెయ్యి చాపానో లేదో, గ్లాసు వెనకాల ఆవాలన్నీ ఉబ్బి శనగలయ్యాయి. శనగలు అక్షరాలయ్యాయి. గ్లాసును మెల్లగా జరుపుతూ ఒక్కో మాటా చదివాను.

మందు పోసిన తర్వాత బండిని నిండు బరువుతో, ఆగకుండా, దూరం నడపాలి. నిలబెట్టి ఇంజను తిప్పరాదు.

మళ్లీ చదివాను. రెండోసారి చదివితే మారుతుందేమోనని ఆశ. మారలేదు. పరీక్ష ఎల్లుండి.

చెప్పకుండా ఉండొచ్చు. లారీ పోతే మందు మంచిది కాదని సీసా మీదకు నెట్టేయొచ్చు. సీసా నోరు తెరిచి కాదనదు. కానీ చక్రం పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు కిటికీలోంచి కనిపిస్తున్నాడు. గుండీలు పెట్టినదాన్ని నేను. గ్లాసూ సీసా రెండూ పట్టుకుని బయటికి నడిచాను.

"ఆ రోజు కింద ఉన్నది అడ్రసు కాదయ్యా."

"మరి?"

గ్లాసు పెట్టి చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ నేను తలెత్తలేదు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. లేచి బానెట్టు మీది దుప్పటి లాగేసి అన్నాడు:

"అంటే వారం రోజులుగా దీనికి మందు పోసి మంచం మీద పడుకోబెట్టానన్నమాట."

"నువ్వు పడుకోబెట్టావు. నేను దుప్పటి కప్పాను."

వెనకాల మా తోడికోడలు పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "అక్కా, కళ్లద్దాల కొట్టు ఇంకో గంట తెరిచే ఉంటుంది" అంది. నేను గ్లాసులో నీళ్లు తాగేశాను.

మెకానిక్‌కి ఫోను చేశాం. అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్లయ్యాక అన్నది ఇది: "వేడి పుట్టకపోతే మసి ఎలా కాలుతుంది బాబాయ్? నిలబెట్టి తిప్పితే ఇంకా పేరుకుంటుంది. అసలు రెండేళ్లుగా స్పాంజి మోయించావు కాబట్టే దానికి ఈ రోగం. ట్యాంకులో మందు ఇంకా ఉందిగా? నిండా బరువు వేసి, రేపే ఏదైనా ఎత్తు ఎక్కించు. డీజిల్ ఫిల్టర్లు కొత్తవి రెండు దగ్గర పెట్టుకో. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి మందుకు కరిగి వాటికి అడ్డం పడుతుంది."

మాకు దగ్గర్లో ఒక కొండ ఉంది. దాని మీద నీళ్ల ట్యాంకు కడుతున్నారు. కింద క్వారీ నుంచి పైకి కంకర తోలడానికి లారీలు కావాలని అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. వెళ్లాం అంటే నేనూ ఎక్కాను.

"నువ్వెందుకు వదినా?"

"చదివినదాన్ని నేను. ఇంకేమైనా చిన్నక్షరాలుంటే దారిలో కనిపిస్తాయేమో చూస్తాను."

క్వారీలో మిషను లారీలోకి కంకర పోస్తుంటే మరిదిని చూడాలి. ఒక్కో బొచ్చెడు పడినప్పుడల్లా తన వీపు మీదే పడినట్టు మెలికలు తిరిగాడు. "చాలు చాలు" అని అతనూ, "ఇంకా వెయ్యి" అని నేనూ. మిషను నడిపేవాడు ఇద్దరినీ చూసి, నా మాటే విన్నాడు.

కొండ మొదట్లో మరిది పెడల్ మీద పాదం ఉందో లేదో పెడల్‌కే తెలియనట్టు నడిపాడు.

"తొక్కవయ్యా."

"దానికి ఆయాసం వస్తుంది వదినా."

"ముప్పై అయిదేళ్లుగా అది లారీ. ఆ సంగతి దానికి గుర్తుంది, నీకే లేదు. తొక్కు!"

తొక్కాడు. పెద్దావిడ ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. వెనకాల వదిలిన పొగకు కొండ కనపడకుండా పోయింది. మూడు మలుపులు ఎక్కాం. నాలుగో మలుపులో ఇంజను ఎక్కిళ్లు పెట్టింది, రెండుసార్లు ఊగింది, ఆగిపోయింది.

మరిది బ్రేకు తొక్కిపట్టాడు. నేను దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాను. "ఫిల్టరు" అన్నాను. అతను విప్పి చూపించాడు. డీజిల్ ఉండాల్సిన చోట తారు ఉంది. కొత్తది బిగించాడు. ఇక లోపలికి చేరిన గాలి పోయేదాకా పక్కనున్న చిన్న పంపును బొటనవేలితో నొక్కుతూ ఉండాలి. అతని వేలు పంపు మీంచి జారిపోతోంది. పక్కకు జరగమని నేను కూర్చున్నాను. ఎన్ని వేల చపాతీలు ఒత్తిన చెయ్యి ఇది, ఒక పంపుకు జంకుతుందా? నొక్కుతుంటే వదులు చేసిన స్క్రూ దగ్గర బుడగలు బుడగలుగా నురగ వచ్చింది. తర్వాత బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చింది.

"చాలు వదినా! వచ్చేసింది!" అని పదేళ్ల పిల్లాడిలా అరిచాడు.

తాళం తిప్పాడు. ఒకసారి మూలిగింది. రెండోసారి అందుకుంది. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాం. సైలెన్సరులోంచి నల్లటి పెచ్చులు గాలిలోకి ఎగిరాయి. ఎక్కడో వెనక మోటారు సైకిలు మీద వస్తున్నవాడు మమ్మల్ని ఏదో అన్నాడు, అనదగిన మాటే. పొగ నలుపు నుంచి బూడిద రంగుకు దిగింది. పైకి చేరబోతుండగా మరిది పక్క అద్దంలోకి చూసి, వేలితో చూపించాడు. అద్దంలో వెనక రోడ్డు కనిపిస్తోంది. రెండేళ్లలో మొదటిసారి.

ఆ రోజు ఆరు ట్రిప్పులు తోలాం. మూడో ట్రిప్పుకు రెండో ఫిల్టరూ మార్చాం. ఐదోదానికి మరిదే దిగి, "ఇంకో బొచ్చెడు వెయ్యవయ్యా, దానికి ఇది ఒక లెక్కా!" అంటున్నాడు.

మర్నాడు పరీక్ష. ముందు ఊరి చుట్టూ లోడుతో తిప్పి వేడెక్కించి, లోడు దించి, షెడ్డు దగ్గరికి పోయాం. మా ముందు తొమ్మిది బండ్లు. మరిది ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.

"ఆపు" అన్నాను.

"మళ్లీ స్టార్టు కాకపోతే?"

"నిలబెట్టి తిప్పరాదు. నాలుగుసార్లు చదివాను. నోటికి వచ్చేసింది."

"వదినా, స్టార్టు కాకపోతే అందరి ముందూ..."

"కాకపోతే నేను తోస్తాను." చెయ్యి చాపి తాళం నేనే తిప్పేశాను. ఆ తొమ్మిది బండ్లకు పట్టినంతసేపు నా పెళ్లికి కూడా పట్టలేదు.

మా వంతు వచ్చింది. పెద్దావిడ ఒక్క తాళానికే లేచింది. మరిది గబగబా దిగి, నా చీర ముక్కతో సైలెన్సరు మూతి తుడిచాడు. కళ్లద్దాల పిల్ల అలవాటు ప్రకారం నాలుగడుగులు వెనక్కి వేసి, గొట్టం పెట్టించి, "తొక్కండి" అంది. తొక్కాడు. ఆ పిల్ల దగ్గడానికి సిద్ధంగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు రాలేదు. చెయ్యి దించి మిషను వైపు చూసింది. ఇంకోసారి తొక్కించింది. ఇంకోసారి.

"ఇది అదే బండా అండీ?"

"అదే తల్లీ. నెంబరు చూసుకో" అన్నాను.

"హద్దుకు కాస్త ఇవతలే ఉంది. పాసైంది. మళ్లీ ఏడాదికి రండి."

కాస్తంటే వెంట్రుక వాసి. వెంట్రుకైనా మా వైపుదే. మరిది కాగితం అందుకుని, తిరగేసి, బోర్లేసి, నాకిచ్చాడు. "చదువు వదినా." నేను చదవబోయాను. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ల జబ్బేనని చెప్పి ఆ పిల్లనే చదవమన్నాను. అది అంతా కళ్ల జబ్బు కాదని మా తోడికోడలికి మాత్రం చెప్పొద్దు.

ఇప్పుడు పెద్దావిడ వారానికి నాలుగు రోజులు కంకర మోస్తోంది. స్పాంజి పరుపులు ఒక ఆటోవాడికి పోయాయి. పొద్దున గంటసేపు నిలబెట్టి తిప్పడం ఆగిపోయింది. మరిదికి ఆ గంట ఏం చెయ్యాలో తోచక, మా తోడికోడలికి తలనూనె తేవడానికి కొట్టుకు నడిచి వెళుతున్నాడు. నడక నిజంగానే సరిగ్గా రాదు అతనికి, మలుపు దగ్గర చెయ్యి గేరు కోసం వెతుక్కుంటుంది.

నాకు కళ్లద్దాలు వచ్చాయి. నల్ల ఫ్రేము. మెకానిక్ చూసి, "ఇప్పుడు అచ్చం మామ్మగారిలా ఉన్నారు" అన్నాడు.

మందు ఇంకో సీసా వచ్చింది మొన్న. మరిది రెండు చేతులతో అందించి, ఎదురుగా బుద్ధిగా నిలబడ్డాడు. పై నుంచి మొదలుపెట్టి అంతా చదివాను. ఎంత పోయాలి, ఎలా నడపాలి, కంట్లో పడితే నీళ్లతో కడగాలి, పిల్లలకు అందనివ్వరాదు, చేసినవాడి అడ్రసు, నిజంగానే ఈసారి అడ్రసూ ఉంది, దాని కింద ఫోను నెంబరు. పది అంకెలూ విడివిడిగా చదువుతుంటే మరిది కాలు మార్చి నిలబడ్డాడు.

"ఫోను నెంబరు కూడా ఎందుకు వదినా?"

"కదలకుండా విను. ఇంకా రెండు లైన్లున్నాయి" అన్నాను.